అన్నయ్యకు నచ్చిన హెడ్‌ఫోన్ నాకెందుకు నచ్చడం లేదు?

ప్రశ్న: మాది గాజువాక. ఉద్యోగం మధురవాడలో. రోజూ రానూపోనూ బస్సులో పాటలే నాకు తోడు. మూడు నెలల క్రితం, అందరూ బాగుందని చెప్పిన ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ నాలుగు వేలు పెట్టి కొన్నాను. బస్సులో పర్వాలేదు. రాత్రి ఇంట్లో పడుకునే ముందు పాత పాటలో, వయొలిన్ కచేరీయో పెట్టుకుంటే మాత్రం గొంతు మీద దుప్పటి కప్పినట్టుంటుంది. కాసేపటికి తల బరువెక్కుతుంది. అదే హెడ్‌ఫోన్‌ను మా అన్నయ్య కళ్లజోడు మీద నుంచే తగిలించుకుని, "బ్రహ్మాండంగా ఉంది, నీకే వినడం రాదు" అంటాడు. ఈసారి ఎనిమిది వేల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? అసలు లోపం నా చెవుల్లో ఉందా? – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. మీ చెవుల్లో ఏ లోపమూ కనిపించడం లేదు. మీకు వినడం బాగా వచ్చని మీ ఉత్తరమే చెబుతోంది. "గొంతు మీద దుప్పటి కప్పినట్టు" అన్నారు చూడండి, మైక్‌సెట్ల పనిలో పాతికేళ్లు ఉన్నవాళ్లు కూడా ఆ తేడాను అదే మాటతో చెప్పుకుంటారు. బస్సులో బాగుండి, ఇంట్లో బాగాలేదని కూడా గమనించారు. అసలు గుట్టు అక్కడే ఉంది. దానికి వచ్చే ముందు మీ అన్నయ్యగారి సంగతి.

ఆయన కళ్లజోడు మీద నుంచి పెట్టుకుంటున్నారని మాటవరసకు రాసి ఉంటారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన ముక్క అదే. చెవి చుట్టూ కూర్చునే హెడ్‌ఫోన్‌లో కుషన్ చర్మానికి నాలుగు వైపులా అంటుకుని ఉండాలి. అలా ఉంటేనే లోపలి గాలి బయటికి జారకుండా బాస్, అంటే పాటలోని లోతైన గుమ్మనే ధ్వని, నిలుస్తుంది. కళ్లజోడు కాడ ఆ కుషన్ కింద సన్నటి సందు చేస్తుంది. ఆ సందులోంచి మొదట పోయేది బాస్. అంటే వస్తువు ఒకటే అయినా మీకు వినబడుతున్న మోత వేరు, ఆయనకు వినబడుతున్న మోత వేరు. మీకు ఎక్కువైన బాస్ కళ్లజోడు పుణ్యమా అని ఆయనకు సరిగ్గా సరిపోతూ ఉండవచ్చు.

ఇది ఈ రాత్రే పరీక్షించుకోవచ్చు. ఒక కచేరీ పెట్టి, రెండు కప్పుల వెనుక భాగాన్ని వేళ్లతో గోరంత పైకెత్తండి. మృదంగంలో తొప్పి వైపు గుంకారం పలచబడుతుంది. గొంతు ఒక అడుగు ముందుకొచ్చినట్టు అనిపిస్తుంది. వేళ్లు తీసేయండి, దుప్పటి మళ్లీ పడుతుంది. తర్వాత అన్నయ్యను కళ్లజోడు తీసి, అదే పాట, అదే వాల్యూమ్‌లో వినమనండి. అప్పుడు మీ ఇద్దరి మధ్య వాదన కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం. మీరు పెట్టుకునే దుద్దులు పెద్దవైతే అవి కూడా ఇలాగే సందు చేస్తాయి. కొన్ని రోజులు ఒకలా, కొన్ని రోజులు ఇంకోలా వినిపిస్తోందంటే దుద్దులు మార్చారేమో గుర్తు చేసుకోండి.

ఇక బస్సు. గాజువాకలో ఎక్కి, ఎన్‌ఏడీ దాటి, మద్దిలపాలెం, హనుమంతువాక మీదుగా మధురవాడ చేరేదాకా మీ చెవుల చుట్టూ ఉండేది ఇంజిన్ గురగుర, టైర్ల రొద, పక్కన లారీల మోత. వీటిలో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దాలే. బయట అలాంటి రొద ఉన్నప్పుడు పాటలోని బాస్ అందులో మునిగిపోతుంది. చాలామంది హెడ్‌ఫోన్లు వాడేది దారిలోనే కాబట్టి మీ ధరలో దొరికే వాటిలో ఎక్కువవాటికి బాస్ బాగా పెంచి అమ్ముతారు. బస్సులో ఆ అదనపు బాస్‌ను ఇంజిన్ మింగేస్తుంది, మీకు మిగిలేది సరైన పాళ్లలో ఉంటుంది. రాత్రి ఇంట్లో మింగేవాళ్లు ఎవరూ లేరు. పెంచిందంతా మీ చెవిలోకే వస్తుంది.

ఇంకో విషయం. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి బాస్ తక్కువగా వినిపిస్తుంది. అమెరికాలో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. ఆ లెక్కన రాత్రి మెల్లగా వినేటప్పుడు మీకు బాస్ చాలడం లేదనిపించాలి. అప్పుడు కూడా ఎక్కువైందంటున్నారంటే మీ హెడ్‌ఫోన్‌లో పెంపు గట్టిగానే ఉందని అర్థం.

ఇందులో రుచి సంగతి కూడా ఉంది, కాదనను. పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో ఒకే ఇంట్లో ఇద్దరికి కుదరదు. సీన్ ఆలివ్, టాడ్ వెల్టీ అనే పరిశోధకులు హర్మన్ అనే ఆడియో కంపెనీలో 2013 ప్రాంతం నుంచి చాలామందిని కూర్చోబెట్టి, ఏ హెడ్‌ఫోన్ ధ్వని నచ్చుతుందో పరీక్షలు చేశారు. ఎక్కువమందికి నచ్చిన ఒక నమూనా బయటపడింది. దాన్నే హర్మన్ టార్గెట్ అంటారు, ఇప్పుడు చాలా కంపెనీలు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. కానీ ఆ పరీక్షల్లోనే, దానికంటే బాస్ ఎక్కువ కావాలన్నవాళ్లూ, తక్కువ కావాలన్నవాళ్లూ తేలారు. మీరు తక్కువ కావాలనే వర్గమని నా అంచనా. తేల్చాల్సింది మాత్రం మీ చెవులే. కొనే ముందు ఆ ఒక్కటి తేలితే డబ్బు వృథా కాదు. అది తేలకుండా నేను పది పేర్లు చెప్పినా మళ్లీ మూడు నెలలకు ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. పని నేర్చుకున్న కొత్తలో విజయనగరం దగ్గర ఒక ఊళ్లో శ్రీరామనవమికి హరికథకు మైక్‌సెట్ పెట్టాను. నాకు మృదంగం నిండుగా మోగితే ఇష్టం. నాకు నచ్చినట్టు బాస్ నాబ్ తిప్పుకుని, పందిరి దద్దరిల్లుతుంటే సంతోషంగా కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన లేచి నా దగ్గరికొచ్చి, చెవి దగ్గర నెమ్మదిగా అన్నాడు: "సప్పుడు బాగుంది బాబూ, మాటేదీ?" నాబ్ వెనక్కి తిప్పాను. దాసుగారి మాట, చిరుతల టకటక, కాలి గజ్జెలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. వెనక వరసల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు కథ వైపు తిరిగారు. ఆ రాత్రి నుంచి ఏ పెట్టె దగ్గర కూర్చున్నా ముందు మాట కోసమే వింటాను. మీరు అడుగుతున్నది కూడా అదేనని, పాత పాటలు, వయొలిన్ అన్నప్పుడే అర్థమైంది.

కాబట్టి ఇప్పుడే ఏదీ కొనకండి. పది రోజులు ఆగండి. ఈ పది రోజులకు పైసా ఖర్చు లేదు. మీ ఫోన్ సౌండ్ సెట్టింగుల్లోనో, హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లోనో ఈక్వలైజర్ ఉంటుంది, అంటే ధ్వనిలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే ఏర్పాటు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదు గీతలు కనిపిస్తాయి: 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె చిన్నదైతే బాస్, పెద్దదైతే సన్నటి ధ్వని. మనిషి చెవి పట్టుకోగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. అందులో ఐదు చోట్ల మీకు పట్టు దొరికిందన్నమాట.

60 దగ్గర ఉండేది డోలు గుండె, కొత్త సినిమా పాటల్లో ఛాతీకి తగిలే దెబ్బ. 230 దగ్గరే మీ అసలు సమస్య ఉందని నా అనుమానం. ఆడవాళ్ల గొంతుకు అడుగున ఉండే స్వరం ఇంచుమించు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య పలుకుతుంది, మగవాళ్లది ఇంకా కింద. ఇక్కడ పెంపు ఎక్కువైతే గొంతుకు బరువు వస్తుంది కానీ మాట మసకబారుతుంది. మీరన్న దుప్పటి ఇదే. 3,600 దగ్గర అక్షరాల స్పష్టత ఉంటుంది. వయొలిన్ కమాను తీగ మీద రాసుకునే గరుకు, వీణ మీద గోటి మీటు కూడా ఆ దరిదాపుల్లోనే. అన్నిటికంటే పైన 14,000 దగ్గర తాళాల చివరి మెరుపు ఉంటుంది. 3,600కూ 14,000కూ మధ్య, 5,000 నుంచి 8,000 దాకా ఉన్న చోట స, శ, చ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఐదు గీతల ఈక్వలైజర్‌లో దీనికి విడిగా గీత లేదు. అందుకే ఆ చోట పదును ఎక్కువున్న హెడ్‌ఫోన్‌ను ఇంట్లో సరిచేసుకోవడం కష్టం, కొనేటప్పుడే చూసుకోవాలి.

మొదటి రోజు 230ని 3 డెసిబెల్ (మోతను కొలిచే లెక్క) దించండి. మిగతావి ముట్టుకోవద్దు. దించినప్పుడు మొత్తం మోత కాస్త తగ్గుతుంది, కాబట్టి వాల్యూమ్‌ను ఆ మేరకు పెంచి, అప్పుడు పోల్చండి. ఇది చాలా ముఖ్యం. రెండు ధ్వనుల్లో కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదని మన చెవి పొరబడుతుంది. సౌండ్ పనిలో ఉన్నవాళ్లం కూడా ఇక్కడ మోసపోతుంటాం. మూడో రోజుకు 60ని కూడా 2, 3 డెసిబెల్ దించి చూడండి. గొంతు ఇంకా వెనకే ఉందనిపిస్తే 3,600ని ఒక్క డెసిబెల్ ఎత్తండి, రెండు దాటనివ్వకండి. ఎత్తడం కంటే దించడమే ఎప్పుడూ మంచిది. గీతలన్నీ పైకి ఎక్కిస్తే పాట గట్టిగా ఉన్నచోట శబ్దం చిట్లుతుంది.

మార్చిన మొదటి అరగంట పలచగా, రుచి లేనట్టుగా ఉంటుంది. మూడు నెలలుగా తీపి ఎక్కువున్న టీ తాగిన నాలుకకు మామూలు టీ చప్పగా తగలదా, అలాగే. వెంటనే వెనక్కి తిప్పకండి. రెండు రోజులు అలాగే విని, అప్పుడు పాత సెట్టింగ్‌కు ఒక్కసారి వెళ్లి చూడండి. మీ చెవి ఎటు మొగ్గుతోందో ఆ క్షణంలో తెలుస్తుంది.

ఈ పరీక్షకు పాటలు మూడు చాలు. మీకు కంఠతా వచ్చినవి అయి ఉండాలి. ఒకటి వాయిద్యాలు తక్కువగా ఉన్న గొంతు పాట. ఒకటి వయొలిన్, మృదంగం రెండూ ఉన్న కచేరీ ముక్క. మూడోది మీరు బస్సులో ఎక్కువ వినే కొత్త పాట. మన ఉత్తరాంధ్ర జముకుల కథ రికార్డింగ్ దొరికితే అదీ పెట్టుకోండి. జముకు తీగ లాగి వదిలినప్పుడు వచ్చే ఆ గుంభనమైన ధ్వని మొదలూ చివరా తెలిసేలా వినిపించాలి. అది ముద్దలా సాగిపోతోందంటే ఆ హెడ్‌ఫోన్ బాస్‌లో పట్టు లేదు.

పాత పాటల విషయంలో ఒక మాట మనసులో పెట్టుకోండి. అప్పటి సినిమా పాటల్లో ఎక్కువభాగం మోనో, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని. గొంతు, వాయిద్యాలు అన్నీ మీ తల మధ్యలో ఒకే చోట నిలబడతాయి. అది హెడ్‌ఫోన్ తప్పు కాదు. ఆ రికార్డింగుల్లో లోతైన బాస్ కూడా పెద్దగా ఉండదు. హెడ్‌ఫోన్ దాన్ని పెంచబోతే గొంతు అడుగు భాగమే ఉబ్బుతుంది. అలాగని ట్రెబుల్ (పై స్థాయి ధ్వని) బాగా పదునున్నది కొంటే టేపు బుస పాటతో సమానంగా వినిపిస్తుంది. మీ రాత్రి వినికిడికి కావలసింది మధ్య భాగం నిజాయితీగా ఉన్న హెడ్‌ఫోన్.

ఇక కొనడం. నా సలహా కొంచెం వింతగా ఉండవచ్చు. ఇప్పుడున్నది బస్సుకు ఉంచేసుకోండి, అక్కడ అది తన పని చేస్తోంది. ఎనిమిది వేలూ ఖర్చు పెట్టకుండా, అందులో సగమో, ఇంకొంచెమో పెట్టి రాత్రికి వైరు ఉన్న హెడ్‌ఫోన్ ఒకటి తీసుకోండి. ఒకే ధరలో వైరుది, బ్లూటూత్‌ది పక్కపక్కన పెడితే బ్లూటూత్‌లో కొంత డబ్బు బ్యాటరీకి, చిప్‌కు, మైక్‌కు పోతుంది. వైరు దానిలో దాదాపు మొత్తం ధ్వనికే వెళుతుంది. మంచం మీద కూర్చుని వినేటప్పుడు వైరు అడ్డం కాదు.

వైరుది కొనేటప్పుడు పెట్టె మీద ఓమ్‌లు, అంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, చూడండి. 16 నుంచి 50 ఓమ్‌ల లోపు ఉంటే, సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతుందన్నది) మరీ తక్కువ కాకపోతే, ఫోన్‌తో హాయిగా పలుకుతుంది. 1997లో వచ్చి ఇప్పటికీ గొంతుకు ప్రమాణంగా చెప్పుకునే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది. గొప్ప హెడ్‌ఫోన్, కానీ 300 ఓమ్‌లు. దానికి విడిగా యాంప్లిఫయర్ తోడుంటేనే పూర్తిగా విప్పుకుంటుంది. మీ బడ్జెట్‌కు అది పైమాట. మీ ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి మార్చే చిన్న అడాప్టర్ కావాలి, దాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఆ హెచ్‌డీ 600లా కప్పుల వెనక జాలీ ఉన్నవాటిని ఓపెన్ బ్యాక్ అంటారు. వీటిలో ధ్వని తల బయట పరుచుకున్నట్టు ఉంటుంది, చెవికి గాలి ఆడుతుంది, బాస్ సాధారణంగా అదుపులో ఉంటుంది. మీ రుచికి ఇవి నచ్చే అవకాశం ఎక్కువ. కాకపోతే లోపలి పాట బయటికి, బయటి ఫ్యాన్ చప్పుడు లోపలికి వస్తాయి. పక్క మంచం మీద ఎవరైనా నిద్రపోతుంటే ఇబ్బంది. మీ గది విడిగా ఉంటే ఓపెన్ బ్యాక్, లేకపోతే మూసి ఉన్న రకం.

రెండు హెడ్‌ఫోన్లు మొయ్యడం నావల్ల కాదు, ఒకటే కావాలి అంటే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది చూడండి. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుంచి విమానంలో వస్తూ, ఇంజిన్ హోరులో పాట వినబడక ఈ లెక్కలు మొదలుపెట్టారు. 1989లో పైలట్లకు అమ్మే హెడ్‌సెట్‌గా అది బయటికొచ్చింది. బయటి శబ్దాన్ని మైక్‌తో పట్టి, దానికి తలకిందులైన శబ్దాన్ని లోపల పుట్టించి రెండిటినీ కొట్టేయడం దాని పద్ధతి. బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరు హోరును బాగా తగ్గిస్తుంది. కండక్టర్ కేక, హారన్ మాత్రం కొంత వినిపిస్తూనే ఉంటాయి, రోడ్డు మీద నడిచేవాళ్లకు అదీ ఒకందుకు మంచిదే. ఇంజిన్ రొద పోతే బస్సులో కూడా అదనపు బాస్ అవసరం పడదు, మీ ఈక్వలైజర్ సెట్టింగ్ ఒకటే రెండు చోట్లా సరిపోతుంది. కాబట్టి ఈ దారిలో వెళితే సొంత యాప్, అందులో ఈక్వలైజర్ ఉన్నదే కొనండి. మీరు గీసుకున్న గీతలు హెడ్‌ఫోన్‌లోనే దాచుకోగలిగితే ఇంకా మంచిది.

పెట్టె మీద "20 – 20,000 హెర్ట్జ్" అని రాసి ఉంటే పట్టించుకోకండి. ఎక్కడ ఎంత ఎత్తు పల్లాలున్నాయో చెప్పకుండా ఆ అంకెలకు అర్థం లేదు. లోపల ధ్వని పుట్టించే డ్రైవర్ 40 మిల్లీమీటర్లదా, 50 మిల్లీమీటర్లదా అన్నదీ అంతే.

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు షాపులకు వెళ్తే ఉదయం తెరిచిన వెంటనే వెళ్లండి. సాయంత్రం రద్దీలో మీ బస్సు కథే అక్కడా జరుగుతుంది, బాస్ ఎక్కువున్నదే బాగుందనిపిస్తుంది. వాళ్లు పెట్టే డెమో పాట వద్దనండి. మీ మూడు పాటలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి. ఈక్వలైజర్ ఆపేయండి. రెండు మోడళ్లు, మహా అయితే మూడు. అంతకు మించితే చెవి అలిసిపోయి అన్నీ ఒకేలా ఉంటాయి. రోజూ పెట్టుకునే దుద్దులతోనే వినండి. నచ్చినదాన్ని పాట ఆపేసి కూడా పది నిమిషాలు తల మీద ఉంచుకోండి. దుద్దు వెనక మర నొక్కుకుంటోందా, నడినెత్తిన పట్టీ బరువు తెలుస్తోందా అన్నది ఆ నిశ్శబ్దంలోనే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు నియమాలు ముందే చదవండి. ధ్వని నచ్చలేదంటే తీసుకుంటారా, పాడైతేనే తీసుకుంటారా అన్నది చూడండి.

మన విశాఖలో ఇంకో సమస్య ఉంది, చెమట. సముద్రపు తేమకు రెక్సిన్ లాంటి కుషన్లు ఏడాది రెండేళ్లలో నల్లటి పొట్టులా రాలి, మెడ మీదా చున్నీ మీదా అంటుకుంటాయి. కుషన్ పగిలిందంటే సందు పడ్డట్టే, ధ్వని కూడా మారిపోతుంది. కొనే మోడల్‌కు విడి కుషన్లు దొరుకుతాయో లేదో అడగండి. గుడ్డ కుషన్లు చెవికి హాయిగా ఉంటాయి, కానీ బాస్ కాస్త తగ్గిస్తాయి. మీకు అది ఇష్టమే కావచ్చు. బస్సు దిగగానే పొడి గుడ్డతో తుడిచి, సంచిలో కుక్కకుండా గాలికి ఉంచండి.

తల బరువెక్కుతోందన్నారు. బాస్ ఎక్కువైనప్పుడు మాట కోసం మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం, అందువల్ల కూడా కావచ్చు. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్ దగ్గర 40 గంటల దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే 90 దగ్గర నాలుగు గంటలే. మీ బస్సు ప్రయాణమే వారానికి పన్నెండు గంటలు దాటుతూ ఉండవచ్చు. కొన్ని ఫోన్లలో ఈ లెక్క చూపించే ఏర్పాటు ఉంది, ఒక వారం గమనించండి. పాట ఆపాక చెవిలో గుయ్‌మంటున్నా, ఈ మార్పుల తర్వాత కూడా బరువు తగ్గకపోయినా హెడ్‌ఫోన్ల సంగతి పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి.

పది రోజులయ్యాక ఆ ఐదు గీతలు ఎక్కడెక్కడ ఆగాయో, దుద్దులు తీసి విన్నారా పెట్టుకుని విన్నారా, గది విడిగా ఉందా లేదా రాసి పంపండి. అన్నయ్యగారు కళ్లజోడు తీసి విన్నాక ఏమన్నారో కూడా రాయండి. ఆ అంకెలు చూశాక మీ డబ్బుకు సరిపడే రెండు మూడు పేర్లు ధైర్యంగా చెబుతాను.